దిద్దుకొనే హక్కు – కంప్యూటరు తెరపై తెలుగు కథ

తెలుగు లిపి చరిత్ర చెప్పవలసివచ్చినప్పుడు మనవాళ్ళు సాధారణంగా శాసనాలతో మొదలుపెట్టి, తాటాకుల మీదుగా నడచి, బ్రౌను దొర కాలపు అచ్చు పుస్తకాల దగ్గర ఆగిపోతారు. ఆ తరువాతి అధ్యాయాన్ని వ్రాయమంటే నేను 1991వ సంవత్సరంతో మొదలుపెడతాను. ఆ ఏడాది మూడు సంగతులు, ఒకదాని ఊసు ఒకదానికి లేకుండా, మూడు చోట్ల జరిగాయి. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ భారతీయ లిపులన్నిటికీ కలిపి ఇస్కీ అనే సంకేత పద్ధతిని ఐఎస్ 13194 అనే సంఖ్యతో ప్రకటించింది. అమెరికాలో యూనికోడ్ ప్రమాణం తొలి కూర్పు వెలువడింది. అందులో తెలుగుకు ఒక అర దొరికింది, ఆ అరలో అక్షరాల వరుసకు 1988 నాటి ఇస్కీయే ఆధారం. ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి తాను సరదాకు వ్రాసుకొన్న ఒక ప్రోగ్రామును, మూలంతో సహా, కావలసినవారు తీసుకొమ్మని అందరి ముందూ పెట్టాడు. అదే లినక్స్.

ఈ మూడు పాయలూ కలిసి మనదాకా వచ్చిన వైనమే ఈ వ్యాసం. విండోస్ గొప్పదా, లినక్స్ గొప్పదా అని కుర్రవాళ్ళు వాదించుకొంటుంటే చాలాకాలం విన్నాను. వేగం, వైరస్సులు, ఆటలు, ధర – వారి వాదమంతా వీటి చుట్టూనే తిరుగుతుంది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి నా దృష్టి వేరొక చోట నిలిచింది. తెరమీద అక్షరం తప్పుగా పడినప్పుడు దానిని దిద్దే అధికారం ఎవరిది? నాకు ముఖ్యమనిపించిన ప్రశ్న ఇదొక్కటే.

ముందుగా, ఈ నిర్వహణ వ్యవస్థ అనగా ఏమో నాబోటి వారికోసం చెబుతాను. మా ఆదోని 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు బళ్ళారి జిల్లాలోని తాలూకా. ఆనాటి కచేరీలో రైతు ఏ అర్జీ పెట్టుకొన్నా అది శిరస్తాదారు చేతిమీదుగానే లోపలికి పోవాలి, జవాబు ఆయన చేతిమీదుగానే బయటికి రావాలి. కంప్యూటరులో నిర్వహణ వ్యవస్థ అటువంటి శిరస్తాదారు. మీటలు నొక్కినది మనమే అయినా, ఆ నొక్కును అక్షరంగా మార్చి తెరమీద పెట్టేది, దస్త్రాన్ని దాచేది, అచ్చుయంత్రానికి పంపేది అదే. శిరస్తాదారుకు మన భాష రాకపోతే అర్జీ గతి ఏమవుతుందో పాతకాలంవారికి చెప్పనక్కరలేదు. కన్నడం, తెలుగు, ఉర్దూ మూడూ ఒకే బజారులో వినిపించే మా సీమలో ఆ సంగతి ఇంకా బాగా తెలుసు.

వాణిజ్య వ్యవస్థలో ఆ శిరస్తాదారు ఏ నిబంధన ప్రకారం పనిచేస్తున్నాడో మనకు చూపరు. విండోస్‌కు మనం చెల్లించే సొమ్ము వాడుకొనేందుకు అనుమతికే. లోపలి మూలాన్ని చూడడానికి, మార్చడానికి, నకలు తీసి పక్కవాడికి ఇవ్వడానికి ఆ అనుమతి చాలదు. దీనికి ఎదురుగా 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే పనిని ప్రకటించాడు. ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకోవచ్చు, మూలాన్ని చదవవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్నీ మార్చనిదాన్నీ పదిమందికీ పంచవచ్చు అన్నవి దాని సూత్రాలు. 1992లో లినక్స్ కూడా ఇదే ఒప్పందం క్రిందికి వచ్చింది. ఇంగ్లీషులో దీనికి పెట్టిన పేరులోని మాటకు ఊరికే దొరికేది అనే అర్థమూ ఉంది, బంధం లేనిది అనే అర్థమూ ఉంది. అందుచేత వారు నలభై ఏళ్ళుగా వివరణలు ఇచ్చుకొంటున్నారు. మనకు ఆ అవస్థ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు.

తాళపత్రాల సంగతి తెలిసినవారికి స్టాల్‌మన్ సూత్రాలు కొత్తగా కనిపించవు. ప్రతిని చూసి ప్రతి వ్రాసుకోవడం ఆనాటి ఆచారం. గ్రంథం చివర లేఖకుడు తన పేరు చెప్పుకొని, తప్పులుంటే పెద్దలు దిద్దుకోవలసిందని వేడుకొనేవాడు. ఆ వేడుకోలులో వినయంతోపాటు ఒక అనుమతి కూడా ఉంది. చదివేవాడు దిద్దవచ్చు, దిద్దినదాన్ని ఇంకొకరు వ్రాసుకోవచ్చు. బ్రౌను వేమన పద్యాలను సేకరించగలిగినా, పండితులను కూర్చోబెట్టి ప్రతులు పోల్చి శుద్ధప్రతులు వ్రాయించగలిగినా, ఆ అనుమతి వల్లనే. తాటాకులు తాళంవేసిన పెట్టెల్లో ఉండి, తాళంచెవి లండనులో ఉన్నట్లయితే ఏమి చేయగలిగేవాడు?

కంప్యూటరు యుగం తొలినాళ్ళలో తెలుగుకు సరిగ్గా అదే జరిగింది. ఇస్కీ, యూనికోడ్ పుట్టినా అవి మన బల్లల మీదికి రావడానికి పదేళ్ళు పట్టింది. ఈలోగా అచ్చు పని ఆగదు గదా! వ్యాపార సంస్థలు తమ తమ ఖతులను తయారుచేసి అమ్మాయి. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కలను – ఒకచోట తలకట్టు, ఒకచోట కొమ్ము, ఒకచోట వత్తు – పేర్చి, చూడడానికి తెలుగులా కనిపించే ఏర్పాటు చేశారు. ఏ ముక్క ఏ స్థానంలో ఉండాలన్నది ఎవరికి వారే నిర్ణయించుకొన్నారు. పత్రికలు కూడా అంతే. ఒక్కొక్క దినపత్రిక ఒక్కొక్క సొంత ఖతితో అంతర్జాలంలోకి వచ్చింది. ఆ ఖతి మన దగ్గర లేకపోతే తెరనిండా అర్థంలేని గుర్తులు. అందరమూ వ్రాస్తున్నది తెలుగే అయినా యంత్రం లోపల అవి డజన్ల కొద్దీ వేరువేరు లిపులు.

ప్రవాసంలోని తెలుగువారు మొదట కనుగొన్న దారి రోమను లిపి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుమీద వెలసిన ఆర్‌టీఎస్ పద్ధతి, కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్‌గార్ల కృషి, 1990లలో ఎందరో పద్యాలను ఇంగ్లీషు మీటలతో వ్రాసి దాచుకొనేందుకు తోడ్పడింది. తరువాత యూనికోడ్ అందుబాటులోకి వచ్చినప్పుడు ఆ దాచుకొన్నదంతా సులభంగా తెలుగులోకి మారింది. కారణం, ఆ పద్ధతి నియమాలు అందరికీ తెలిసినవి, దాచిపెట్టినవి కావు. అదేకాలంలో సొంత ఖతుల్లో అచ్చుకూర్చిన వేలాది తెలుగు పుస్తకాలు మాత్రం ఈనాటికీ ఆ మూలల్లోనే చిక్కి ఉన్నాయి.

న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటుంది. యూనికోడ్ తెలుగును సామాన్యుడి బల్లమీదికి తెచ్చిన ఘనతలో పెద్ద వాటా విండోస్‌దే. విండోస్ 2000లో హిందీకి, తమిళానికి చోటు దొరికింది గాని తెలుగుకు దొరకలేదు. 2001 అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే ఖతి తెలుగుకూ, తుంగ అనే ఖతి కన్నడానికీ వచ్చాయి. గోదావరి తెలుగుకూ, తుంగ కన్నడానికీ పంచిపెట్టిన పెద్దమనిషి ఎవరో గాని, తుంగభద్ర నీళ్ళు త్రాగే మాబోటివాళ్ళకు రెండూ కావాలన్న సంగతి ఆయనకు తెలిసి ఉండదు. కంట్రోలు ప్యానెల్‌లోకి వెళ్ళి, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, అది సీడీ అడిగినప్పుడు ఆ సీడీకోసం ఊరంతా తిరిగిన జ్ఞాపకం పాత బ్లాగర్లలో చాలామందికి ఉండే ఉంటుంది. 2003 డిసెంబరులో వెన్న నాగార్జునగారు తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసినా, 2006లో వీవెన్‌గారు లేఖినిని అందించినా, వాటిని వాడుకొన్న మనలో ఎక్కువమంది కూర్చున్నది ఎక్స్‌పీ ముందరే.

మరి లినక్స్ మా ఊళ్ళలోకి ఎందుకు రాలేదు? ధర తక్కువైతే జనం ఎగబడతారని దాని అభిమానులు అనుకొన్నారు. 2000ల దశకం మధ్యలో మన దేశంలోని సాఫ్టువేరులో 70 శాతానికి పైగా దొంగనకళ్ళేనని వాణిజ్య సంస్థల కూటమి అంచనా వేసింది. ఆదోనిలో విడిభాగాలు కూర్చి కంప్యూటరు ఇచ్చే దుకాణంలో విండోస్ కూడా అందులోనే వచ్చేది. దానికి వేరే ధర ఉందన్న సంగతే కొన్నవాడికి తెలియదు. ఉచితం ఎదుట ఉచితాన్ని నిలబెడితే అలవాటైనదే గెలుస్తుంది. స్వేచ్ఛ గురించి చెప్పినవారు లేరు, ధర గురించి చెప్పినా వినవలసిన అవసరం లేదు.

రెండవ కారణం మోడెము. అప్పట్లో ఫోను తీగమీద అంతర్జాలానికి పెట్టెలో బిగించే చవక మోడెము కార్డుల్లో చాలావాటికి సగం పని విండోస్ చేసిపెట్టాలి. అవి లినక్స్‌లో మూగనోము పట్టేవి. కంప్యూటరు పత్రికలతో వచ్చే సీడీల నుండో, 2005 నుండి 2011 దాకా ఉబుంటువారు అడిగినవారికల్లా తపాలాలో ఉచితంగా పంపిన సీడీల నుండో లినక్స్‌ను ఎక్కించుకొన్నా, అంతర్జాలం లేక అది అక్కడే ఆగిపోయేది.

మూడవ కారణం మరింత బలమైనది. మా ఊళ్ళను నిలబెట్టినవి పత్తి, నేత. ఆదోనిలో పత్తి మండీ దుకాణాల లెక్కలు ట్యాలీలో, రెండు ఊళ్ళలోనూ పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు పేజ్‌మేకరులో. ఆ రెండూ మా ఊళ్ళలో నడిచినది విండోస్‌మీదే. లెక్కల గుమాస్తా, డీటీపీ చేసే కుర్రవాడు – వీళ్ళిద్దరి చేతి అలవాటే పట్టణమంతటికీ నిర్వహణ వ్యవస్థను నిర్ణయించింది. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ ముడి ఇంకా బిగిసింది.

ఎమ్మిగనూరువారికి ఈ ముడి కొత్తది కాదు. మగ్గం సొంతమైనంత మాత్రాన నేతగాడు స్వతంత్రుడు కాడు. నూలు ఎవరి దగ్గర తేవాలి, నేసిన గుడ్డ ఎవరికి అమ్మాలి అన్న రెండు ప్రశ్నలకూ ఒకే సాహుకారు పేరు జవాబైతే మగ్గం పేరుకే సొంతం. పద్మశ్రీ మాచాని సోమప్పగారు 1938లో ఇక్కడ నేతగాళ్ళ సహకార సంఘాన్ని నెలకొల్పి, ఉత్పత్తి, విక్రయం రెండింటినీ ఆ సంఘం చేతిలోకి తేవడంలోని అంతరార్థం ఇదే. కంప్యూటరు మనది, వ్రాత మనది. ఆ వ్రాతను చదివే విద్య మాత్రం వేరొకరి దగ్గర ఉంటే మనమూ ఆ నేతగాడి స్థితిలోనే ఉన్నాము.

పేజ్‌మేకరు కథ దీనికి మంచి నిదర్శనం. 2001లో వచ్చిన 7.0 దాని చివరి కూర్పు. దానిని తయారుచేసినవారు తమ వ్యాపారానికి అనువైన మరొక సాధనం వైపు మళ్ళారు. అది వారి హక్కు. కాని యూనికోడ్ ఎరుగని ఆ ప్రోగ్రాములో కూర్చిన తెలుగు అంతా అనాథ అయింది. మూలం వారి పెట్టెలో ఉంది కాబట్టి మరొకరు దానిని ముందుకు నడిపే వీలు లేదు. దీనికి పక్కన ఓపెన్ ఆఫీస్‌ను పెట్టి చూడండి. 2010లో దాని యాజమాన్యం చేతులు మారింది. పనిచేసేవారికి నమ్మకం కుదరక, అదే ఏడాది మూలాన్ని తీసుకొని లిబ్రె ఆఫీస్ అనే పేరుతో వేరుకాపురం పెట్టారు. ఈరోజు తెలుగు చక్కగా చూపే ఆ ప్రోగ్రాము ఎవరి దయమీదా ఆధారపడి బ్రతకలేదు.

తెలుగులోనే మాట్లాడే నిర్వహణ వ్యవస్థను 2005లో హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు వెలువరించారు. గ్నూ, లినక్స్ పునాదిమీద కట్టిన దానికీ స్వేచ్ఛ అనే పేరే. ఆ పనిలో ఇంజనీరింగు విద్యార్థులు పెద్దసంఖ్యలో పాల్గొన్నారు. తెలుగు పండితుడిగా నన్ను ఆకర్షించినది దానిలోని మాటల కూర్పు. స్వేచ్ఛా సాఫ్టువేరుల తెలుగు అనువాదాల్లో ఫైలును దస్త్రమన్నారు, ఫోల్డరును సంచయమన్నారు. దస్త్రం పారసీ కచేరీల నుండి వచ్చి మన కరణాల చంకలో ఒదిగిన మాట, సంచయం శుద్ధ సంస్కృతం. ఈ రెంటినీ పక్కపక్కన కూర్చోబెట్టడం కొందరికి నచ్చలేదు. నాకు నచ్చింది, ఎందుకంటే తెలుగు ఎప్పుడూ అలాగే పెరిగింది. నచ్చనివారికీ అందులో దారి ఉంది: మాటల పట్టిక అందరి ముందూ ఉంటుంది, మంచి మాట తోస్తే పంపవచ్చు, చర్చించవచ్చు. మైక్రోసాఫ్టువారు కూడా ఎక్స్‌పీకి తెలుగు మెనూల తొడుగును ఉచితంగానే ఇచ్చారు. అందులోని ఒక మాట నచ్చకపోతే మాత్రం మీ చేతిలో ఏమీ లేదు.

అక్షరాల విషయానికి వస్తే ఈ తేడా ఇంకా లోతుగా తెలుస్తుంది. బడిలో పిల్లలకు చకారాలు రెండని చెబుతాము: చెట్టు అనేటప్పటి తాలవ్యం, చుక్క అనేటప్పటి దంత్యం. బ్రౌను తన నిఘంటువులో దంత్యాలకు వేరు గుర్తు పాటించాడు. యూనికోడ్ తొలి తెలుగు అరలో దంత్య చకార జకారాలకు చోటు లేదు. 2008లో వెలువడిన 5.1 కూర్పులో ౘ, ౙ రెండూ చేరాయి. సంస్కృత శ్లోకాలకు కావలసిన అవగ్రహ చిహ్నమూ అప్పుడే చేరింది. పాత గ్రంథాలలో కనిపించే నకారప్పొల్లుకు 2021లో గాని ప్రత్యేక స్థానం దొరకలేదు. ప్రమాణంలో చేరగానే అక్షరం తెరమీదికి రాదు. ఖతిలో దాని బొమ్మ గీయాలి, గుణింతం కూర్చే ఉపకరణానికి అది హల్లని నేర్పాలి. 2008లో మనలో ఎక్కువమంది ముందున్న ఎక్స్‌పీలో ఆ అక్షరం స్థానంలో ఖాళీ డబ్బా కనబడేది. బయటి ఖతి దించుకొంటే విడి అక్షరం వచ్చినా, దానికి కొమ్ము తగిలించే పని లోపలి ఉపకరణానిది. దానిని మనం ముట్టుకోరాదు. కొత్త విండోస్ కొన్నవారికి ఆ అక్షరం కూడా అందులో వచ్చింది. అంటే తెలుగు వర్ణమాలలోని ఒక హల్లుకు మనం కొత్త అనుమతి రుసుము చెల్లించవలసివచ్చింది.

లినక్స్‌లో ఆనాడు అంతా సవ్యంగా ఉన్నదని నేననను. తొలిరోజుల్లో వత్తులు చెల్లాచెదరుగా పడేవి, ‘క్ష్మి’ అని కొడితే మూడు ముక్కలయ్యేది. అయితే ఆ తప్పును చూపి చెప్పడానికి ఒక చోటు ఉంది, దిద్దగలవాడు దిద్దడానికి అనుమతి ఉంది, దిద్దినది అందరికీ చేరుతుంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు తయారుచేసిన పోతన, వేమన ఖతులు అలాగే డెబియన్ వంటి లినక్స్ పంపిణీల్లో చేరాయి. రెడ్‌హ్యాట్ సంస్థ విడుదలచేసిన లోహిత్ తెలుగు ఖతి కూడా అటువంటిదే. ఇప్పుడు అక్షరాలు కూర్చే పనిని చాలాచోట్ల హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా ఉపకరణం చేస్తున్నది. పారసీలో హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచినది. ఫైర్‌ఫాక్సులోను, క్రోములోను, లిబ్రె ఆఫీసులోను, ఆండ్రాయిడ్ ఫోనులోను మన గుణింతాలను పొందిగ్గా నిలబెడుతున్నది ఈ ‘తెరిచిన అక్షరమే’. ఆండ్రాయిడ్ ఫోను గర్భంలో ఉన్నదీ లినక్సే. బల్లమీది పోటీలో ఓడిందనుకొన్న లినక్స్ మన జేబుల్లో కూర్చుంది.

సిద్ధాంతం చాలు, ఒక అనుభవం చెబుతాను. 1990లలో మేము కొందరు ఉపాధ్యాయులం పిల్లలచేత వారి వారి ఊళ్ళ పేర్ల కథలు వ్రాయించాము. పెద్దతుంబళం, కోసిగి, నందవరం, గోనెగండ్ల, నాగలదిన్నె చుట్టుపట్ల పల్లెల నుండి వచ్చిన పిల్లలు తమ అవ్వలను, తాతలను అడిగి పేరు ఎలా వచ్చింది, ఏ చెరువు ఎవరు త్రవ్వించారు, ఏ గుట్టమీద ఏ రాయి ఉంది అని నోటుపుస్తకాల్లో వ్రాసుకొచ్చారు. ఒక అచ్చు దుకాణంలో దానిని కూర్పించి, డబ్బులు చాలక అచ్చు వేయించలేక, కాగితం ప్రతులు రెండు, సీడీ ఒకటి దాచాము. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగినప్పుడు నాగలదిన్నె మునిగింది. కాగితాలు, నోటుపుస్తకాలు దాచిన ఇల్లు ఆ ఊళ్ళోనే. మిగిలింది సీడీ ఒక్కటే.

దానిని తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం. ఆ ఖతిని అమ్మిన వ్యాపారి దుకాణం మూసివేసి ఏళ్ళయింది. అప్పటికే ఆ కథలు చెప్పిన ముసలివారిలో చాలామంది లేరు. నా పూర్వ విద్యార్థి ఒకడు, ఇంజనీరింగు చదువుతున్నవాడు, నాగార్జునగారు ఫైర్‌ఫాక్సు విహరిణికోసం వ్రాసిన పద్మ అనే ఉపకరణాన్ని తెచ్చాడు. అది పత్రికల సొంత ఖతులను యూనికోడులోకి మార్చి చూపేది. మా ఖతి దానికి తెలియదు. అయితే పద్మ మూలం అందరికీ తెరిచి ఉంది. ఒక్కొక్క ఖతికి ఒక్కొక్క పట్టిక అందులో విడివిడిగా ఉంది. అదృష్టవశాత్తు ఒక పుట అచ్చుకాగితం నా దగ్గర దొరికింది. ఆ పుటను, తెరమీది గుర్తులను పక్కపక్కన పెట్టుకొని మేమిద్దరం ఏ గుర్తు ఏ ముక్కో పోల్చుకొంటూ పోయాము. తలకట్టుకు ఒకటి, ఐత్వానికి రెండు, ‘ఘ’కు మూడు ముక్కలు. శాసనాలు చదివేవారి పనికీ దీనికీ నాకు తేడా కనబడలేదు; పదమూడేళ్ళనాటి తెలుగును పదమూడు వందల ఏళ్ళనాటి దానిలా చదవవలసివచ్చింది. మూడు వారాలకు పట్టిక పూర్తయింది. ఆ రాత్రి మీట నొక్కగానే నాగలదిన్నె పిల్లవాడు వ్రాసిన మాటలు తెలుగులో వరుసగా దిగివచ్చాయి. నీళ్ళలో పోయిన ఊరు, తెరమీద ఉంది.

పద్మ మూలం మూసి ఉంటే ఆ పట్టిక చేర్చలేకపోయేవాళ్ళం. తయారుచేసినవారికి ఉత్తరం వ్రాసి, మా ఊరి సీడీ ఒక్కదానికోసం వారు పని పెట్టుకొంటారా అని ఎదురుచూడవలసివచ్చేది. దిద్దుకొనే హక్కు అని నేనంటున్నది ఇటువంటి చిన్న ఊరి చిన్న అవసరాన్ని గురించే. పెద్ద సంస్థ లెక్కలో చిన్న ఊరు ఎన్నటికీ లాభసాటి కాదు.

స్వేచ్ఛాపక్షంలోని లోపాలనూ చెప్పకపోతే చరిత్ర కాదు. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలకులు 2003లో లినక్స్‌కు మారాలని నిర్ణయించి, పదేళ్ళు శ్రమించి వేలాది కంప్యూటర్లను మార్చారు. 2017లో తిరిగి విండోస్ వైపు తీర్మానించారు. మన దగ్గర స్వచ్ఛందంగా పనిచేసే పిల్లలు చదువు ముగిసి ఉద్యోగాలకు పోగానే పని ఆగుతుంది. తెలుగు మెనూలు సగం తెలుగు, సగం ఇంగ్లీషుగా మిగిలిన ప్రోగ్రాములు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. హక్కు ఉంది గాని దిద్దేవాడు లేడు. గ్రంథాలయం తలుపు తెరిచి ఉంచి, పాఠకుడు రాకపోతే ఆ తప్పు తలుపుది కాదు గదా.

మన పొరుగున కేరళవారు ఈ విషయంలో మనకన్న ముందుచూపు చూపారు. 2001లో మొదలైన వారి ఐటీ@స్కూల్ పథకం, ఆ దశకం ముగియకముందే ఉన్నత పాఠశాలలన్నిటినీ స్వేచ్ఛా సాఫ్టువేరులోకి మార్చింది. పదవ తరగతి కంప్యూటరు పరీక్ష కూడా అందులోనే. ఉపాధ్యాయులకు ముందుగా శిక్షణ ఇచ్చి, బడిలోని కంప్యూటరు చెడితే బాగుచేసుకొనే విద్యను వారికే నేర్పడం వల్ల అది నిలిచింది. మన రాష్ట్రంలోనూ 2008లో వేలాది ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు వచ్చాయి. వాటి నిర్వహణ గుత్తకిచ్చారు. గుత్త గడువు తీరిన తరువాత దుమ్ముపట్టిన గదులను నేను చూశాను. యంత్రాలు వచ్చాయి గాని వాటిమీద అధికారం బడికి రాలేదు. 2015లో కేంద్రప్రభుత్వం తన కార్యాలయాల్లో స్వేచ్ఛా సాఫ్టువేరుకు ప్రాధాన్యం ఇవ్వాలని విధానం ప్రకటించింది. 2023లో రక్షణశాఖ ఉబుంటు ఆధారంగా మాయ అనే వ్యవస్థను చేపట్టింది. దేశరక్షణకు అవసరమనిపించిన జాగ్రత్త భాషారక్షణకు అక్కరలేదా?

ఆశకు తగిన కారణాలూ ఉన్నాయి. 2013 ప్రాంతంలో సిలికానాంధ్రవారు స్వేచ్ఛా అనుమతితో విడుదలచేసిన ఖతుల పేర్లు చూడండి: పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, సూరన్న, సురవరం, గిడుగు, గురజాడ. భువనవిజయం కొలువుతీరినట్లు ఉంది. వీటిని అచ్చు దుకాణంవారు వాడవచ్చు, విద్యార్థి విప్పి చూడవచ్చు, లోపించిన అక్షరాన్ని చేర్చవచ్చు. పేజ్‌మేకరు పని చేసే స్క్రైబస్ అనే స్వేచ్ఛా ప్రోగ్రాము కూడా 2024లో వచ్చిన 1.6 కూర్పుతో భారతీయ లిపులను సక్రమంగా కూర్చగలుగుతున్నది. డీటీపీ కుర్రవాడిని కట్టిపడేసిన ముడి ఒకటి వదులయింది.

2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి, 2025 అక్టోబరు 14న విండోస్ 10కి తయారీదారులు సాధారణ మద్దతు ముగించారు. విండోస్ 11 కోరే హంగులు లేవన్న కారణంగా, బాగా పనిచేస్తున్న కంప్యూటర్లెన్నో అటకెక్కే స్థితిలో ఉన్నాయి. తాలూకా ఊళ్ళలో, బడుల్లో అటువంటివి చాలా కనిపిస్తాయి. వాటిలో లినక్స్ ఎక్కిస్తే మరి కొన్నేళ్ళు పిల్లలకు పనికివస్తాయి. తెలుగు వ్రాయడానికి, చదవడానికి వాటికి ఏ లోటూ ఉండదు. ఇప్పటి మోడెములు మూగనోము పట్టవు కూడా.

బ్లాగ్మిత్రులకు నా మనవి రెండు మాటలు. మీ ఊళ్ళో పాత అచ్చు దుకాణం ఏదైనా ఉంటే, అక్కడ ఏ స్థానిక చరిత్ర, ఏ శతకం, ఏ దేవస్థాన మాహాత్మ్యం పాత ఖతిలో చిక్కుకొని ఉందో కనుక్కోండి. ఆ ఖతి ఉన్న యంత్రం చెడకముందే, దానితో అచ్చుతీసిన ఒక్క పుటనైనా దాచండి. ఆ ఒక్క పుట ఉంటే పట్టిక తయారవుతుంది. ఇక మీ సొంత వ్రాతలను యూనికోడులో, అందరికీ తెలిసిన తెరిచిన పద్ధతుల్లో భద్రపరచుకోండి. విండోస్‌లో వ్రాస్తారో లినక్స్‌లో వ్రాస్తారో మీ ఇష్టం, వ్రాసినది మాత్రం రెండింటిలోనూ తెరుచుకోవాలి. పట్టిక తయారుచేసే పని ఎవరికైనా పడితే నన్ను పిలవండి. ‘ఘ’కు ఎన్ని ముక్కలో వెదకడం నాకిప్పుడు బాగా అలవాటే.